ఆరో ప్రశ్న

సెక్రటరీ ఉత్తరం పట్టుకుని వచ్చేసరికి ఐసు టీచరు రెండు చేతులూ గొలుసు మీద ఉన్నాయి. ఉప్పునీళ్ళ తొట్టిలోంచి లేచిన ఇనప డబ్బా ఆమె తలకంటే ఎత్తులో వేలాడుతోంది. అడుగునుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. డబ్బా గాలిలో ఉండగా గొలుసు వదలకూడదు. ఆ ఫ్యాక్టరీలో చేరినవాళ్ళకి మొదటి రోజు నేర్పే మొదటి సంగతి అదే.

"ఒక సంతకం కావాలమ్మా," అన్నాడు సెక్రటరీ గుమ్మంలోనే నిలబడి. లోపలికి వస్తే బూట్లు తడుస్తాయి.

"ఇది దించనివ్వండి."

"చిన్న సంతకమే."

"డబ్బా చిన్నది కాదుగా సెక్రటరీగారూ. కాలిమీద పడిందంటే ఆ సంతకం కూడా మీరే పెట్టుకోవాలి."

రంపం దగ్గరున్న ముసలాయన కిసుక్కున నవ్వాడు. ఐసు దిమ్మలు కోసేది ఆయనే. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని రంపం మామ అంటారు. సెక్రటరీ నవ్వలేదు. ముప్పై ఏళ్ళు కోర్టులో గుమాస్తాగా జనానికి సమన్లు అంటగట్టిన మనిషి. రిటైరయ్యాక చేతులు ఊరుకోక చర్చికి సెక్రటరీ అయ్యాడు. ఆయన చేతిలో కాగితం కనబడిందంటే ఎవరికో మూడిందన్నమాటే.

ఆమె డబ్బాని మామూలు నీళ్ళ తొట్టిలో ముంచి, కాసేపాగి, పక్కకి వంచింది. దిమ్మ లోపల వదులై, జారి, తడి నేలమీద మామ కాళ్ళదాకా వెళ్ళి ఆగింది. అప్పుడు రబ్బరు తొడుగులు తీసి, చేతులు గోనెపట్టాకి తుడుచుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది.

ఉత్తరం టైపు చేసి ఉంది. కింద చర్చి ముద్ర, దాని పక్కన పాస్టరు సంతకం. పాస్టరు ఆమె తమ్ముడే. ఆ సంతకంలో మొదటి అక్షరం రాయడం అతనికి పలకమీద చెయ్యి పట్టించి నేర్పింది ఆమే.

నిలబడే చదివింది. ఆమె తన సండే స్కూలు తరగతిలో త్రిత్వ సిద్ధాంతానికి విరుద్ధమైన బోధ చేసినట్టు రుజువైంది. ఈ వారంనుంచి ఆ తరగతి సెక్రటరీగారికి అప్పగించాలి. వచ్చే ఆదివారం ఆరాధనలో, సంఘం ఎదుట నిలబడి, దీనికి జతచేసిన కాగితాన్ని ఒక్క మాట కూడా మార్చకుండా చదవాలి.

"ఏం రుజువైంది?"

"పరీక్ష పేపర్లు ఉన్నాయమ్మా. ఆరో ప్రశ్న. త్రియేక దేవుణ్ణి గురించి ఉదాహరణతో వివరించుము. మీ తరగతిలో ఇరవై ముగ్గురు పిల్లలు. ఇరవై ముగ్గురూ ఒకటే రాశారు. నీళ్ళే గడ్డకడితే ఐసు, నీళ్ళే కాగితే ఆవిరి, మూడూ ఒకటే, అలాగే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. ఇరవై ముగ్గురికీ సున్నా వచ్చింది."

"ఎవరు వేశారు సున్నా?"

"పాస్టరుగారే స్వయంగా దిద్దారు."

"ఉదాహరణతో రాయమని అడిగిందెవరు?"

"ప్రశ్నపత్రం నేను తయారుచేశాను," అన్నాడు సెక్రటరీ కొంచెం గర్వంగానే. "అందినట్టు ఇక్కడ సంతకం పెట్టండి."

ఆమె పెట్టింది. వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయేమో, అక్షరాలు పిచ్చిగా వచ్చాయి. ఇరవై రెండేళ్ళు ఆ తరగతి చెప్పింది. చర్చిలో ఐసు టీచరు, ఫ్యాక్టరీలో చర్చి టీచరు. సొంత పేరు జీతం పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. ఆదివారం పొద్దున చర్చి పక్కనున్న చిన్న షెడ్డులో బోర్డు ముందు నిలబడే గంటే వారం మొత్తానికి ఆమెది. అది కూడా తీసుకుపోతూ సంతకం అడిగారు.

"ఏమంటాడు ఆయన?" అన్నాడు రంపం మామ, సెక్రటరీ వెళ్ళాక.

"దేవుణ్ణి ఐసుతో పోల్చానట."

"అంతేనా! నేను రోజూ ఐసుని దేవుణ్ణే అనుకుంటున్నాను. ఇదే కదా కూడు పెట్టేది."

ఆమెకి నవ్వు రాలేదు. తర్వాతి డబ్బాకి కొక్కెం తగిలించి గొలుసు లాగింది, కావలసినదానికంటే గట్టిగా.

*

షిఫ్టు దిగి, బట్టలు కూడా మార్చుకోకుండా తమ్ముడింటికి వెళ్ళింది. చర్చి వెనకాల రెండు గదుల ఇల్లు. మరదలు వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతోంది. వదిన మొహం చూసి కత్తి పక్కన పెట్టింది.

"వచ్చావా వదినా. వద్దని నేను చెప్తూనే ఉన్నాను," అంది మెల్లగా. "వింటేనా!"

తమ్ముడు లోపలిగదిలో బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. చుట్టూ లావుపాటి పుస్తకాలు. నాలుగు నెలల క్రితం బైబిలు కాలేజీనుంచి పట్టా పుచ్చుకుని వచ్చినప్పటి అట్టపెట్టెలు ఇంకా సగం విప్పనేలేదు. అక్కని చూసి లేచాడు.

"కూర్చో అక్కా."

"నేను తడిగా ఉన్నాను, నీ కుర్చీ పాడవుతుంది. ఒరేయ్, నా ఇంటికి నీ ఇంటికి ఎంత దూరం?"

"అక్కా..."

"ఎంత దూరమని అడుగుతున్నా. ఏడు ఇళ్ళు. పేపర్లు దిద్దింది ఎప్పుడు? పది రోజులైంది. ఈ పది రోజుల్లో మూడుసార్లు నా ఇంట్లో తిన్నావు. అన్నం ముందు కూర్చుని, అక్కా నువ్వు చెప్పేది తప్పు అని ఒక్క మాట అనలేకపోయావా? గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకొచ్చావేంరా?"

అతను పాస్టరు గొంతు తెచ్చుకున్నాడు. ఆ గొంతు ఆమెకి ప్రసంగాల్లో బాగుంటుంది కాని, ఇంట్లో భరించలేకపోతుంది.

"అది మామూలు తప్పు కాదక్కా. చాలా పాత తప్పు. నీళ్ళు ఐసైతే ఇక నీళ్ళు కావు. ఐసు కరిగితే ఇక ఐసు లేదు. అంటే ఒకే దేవుడు ఒకసారి తండ్రి వేషం, ఒకసారి కొడుకు వేషం, ఒకసారి ఆత్మ వేషం వేసుకుంటాడని అర్థం వస్తుంది. మనం నమ్మేది అది కాదు. ముగ్గురూ ఎప్పుడూ ఉన్నారు. ఒకరు ఇంకొకరు కారు. అయినా దేవుడు ఒక్కడే."

"ఇరవై రెండేళ్ళనుంచి చెప్తున్నాను. ఇప్పుడు గుర్తొచ్చిందా ఇది తప్పని?"

"ఇప్పుడు ఎదురువీధిలో కొత్త ప్రార్థన హాలు వెలిసింది. వాళ్ళు చెప్పేది సరిగ్గా ఇదే. తండ్రీ కుమారుడూ ఆత్మా వేరువేరు కాదు, అంతా యేసే, ఆ ఒక్క పేరునే బాప్తిస్మం తీసుకోవాలంటారు. మన దగ్గర్నుంచి ఆరు కుటుంబాలు వెళ్ళిపోయాయి. వెళ్ళి మళ్ళీ నీళ్ళలో మునిగారు. కమిటీ మండిపోతోంది."

"అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టుంది. వెళ్ళినవాళ్ళని ఏమీ అనలేక, ఉన్నదాన్ని పట్టుకున్నారు."

"నువ్వు నా అక్కవి. వదిలేస్తే అక్క కాబట్టి వదిలేశాడంటారు."

"అంటే ఇంకెవరైనా అయితే ఇంటికొచ్చి చెప్పేవాడివి. అక్కని కాబట్టి మైకు ముందు నిలబెడుతున్నావు."

ఆమె పని చొక్కా జేబులోంచి చదవాల్సిన కాగితం తీసింది. మడతలమీద తడిసి ఇంకు అలుక్కుపోయింది. అందులో రెండు వాక్యాలున్నాయి. మొదటిది, నేను చెప్పిన పోలిక సిద్ధాంతానికి విరుద్ధం. రెండోది, తెలిసి తెలిసి పసి మనసుల్లో అబద్ధ విశ్వాసాన్ని నాటినందుకు సంఘం నన్ను క్షమించాలి.

"ఈ రెండోది రాసిందెవరు?"

"సెక్రటరీగారు."

"నువ్వు సంతకం పెట్టావు. ఈ పాఠం మొదట చెప్పింది ఎవరికిరా? నీకే. అమ్మ పోయిన రోజు మంచం పక్కన మోకాళ్ళమీద కూర్చున్నావు. ఏడేళ్ళవాడివి. నీకు ప్రార్థన చెయ్యడం ఎవరు నేర్పారు? అది కూడా అబద్ధ విశ్వాసమేనా?"

గుమ్మంలో మరదలు నిలబడి వింటోంది. "చెప్పండి," అంది భర్తతో. "వదిన అడిగినదానికి జవాబు చెప్పండి."

"ఆదివారం అయిపోనీ అక్కా," అన్నాడతను చివరికి. "రెండు వాక్యాలే కదా. చదివేస్తే అయిపోతుంది. ఆరు నెలలాగి తరగతి మళ్ళీ నీకే ఇప్పిస్తాను."

ఆమె ఒళ్ళు మండిపోయింది. చిన్నప్పుడైతే చెంప పగలగొట్టేది. ఇప్పుడు అతను పాస్టరు. కాగితం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకుని, అన్నం తిని వెళ్ళమన్న మరదలి మాట వినిపించుకోకుండా వచ్చేసింది.

*

శుక్రవారం మధ్యాహ్నం ఎదురువీధి హాలు పాస్టరు ఫ్యాక్టరీకి వచ్చాడు. అతను మొన్నమొన్నటిదాకా తాపీమేస్త్రీ. గోళ్ళలో సిమెంటు ఇంకా పూర్తిగా పోలేదు. సెక్రటరీలా గుమ్మంలో ఆగలేదు. తడిలోనే నడుచుకుంటూ తొట్టిదాకా వచ్చి, ఆమె తలెత్తి చూసేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. అందుకు ఆమెకి అతనిమీద కొంచెం గౌరవం కలిగింది.

"విన్నానమ్మా. చాలా అన్యాయం చేశారు మీకు."

"మీకెవరు చెప్పారు?"

"ఊరంతా తెలుసు. అమ్మా, మీరు ఇరవై రెండేళ్ళుగా సత్యాన్నే బోధించారు. మీకే తెలియదంతే. మీ ఐసే మా సిద్ధాంతం. ఒక్కడే ఆయన, రూపాలు మూడు. మా దగ్గరికి రండి. మాకు నలభైమంది పిల్లలున్నారు, టీచరు లేదు. ఎల్లుండి వాళ్ళు మిమ్మల్ని అక్కడ నిలబెట్టి అవమానించేలోపు మీరే లేచి మా హాలుకి నడిచి వచ్చెయ్యండి. జనం చూడాలి."

జనం చూడాలన్న మాట ఆమె చెవిలో కలుక్కుమంది. అయినా నలభైమంది పిల్లలు, ఒక బోర్డు. ఆశ పుట్టలేదంటే అబద్ధం.

ఆమె అప్పుడు నడిమి నీళ్ళు తోడుతోంది. దిమ్మ గోడలవైపునుంచి లోపలికి గడ్డకడుతూ వస్తుంది. చివరికి నట్టనడుమ కొన్ని నీళ్ళు మిగులుతాయి. నీళ్ళలోని మడ్డంతా అక్కడికే చేరుతుంది. ఆ నీళ్ళు గొట్టంతో లాగేసి మంచినీళ్ళు పోస్తేనే దిమ్మ గాజులా తేటగా వస్తుంది. ఉత్తరం అందిన బుధవారం రాత్రంతా ఆమె తమ్ముడికి జవాబుగా దీన్నే తలుచుకుంది. ఐసూ నీళ్ళూ ఒకే డబ్బాలో ఒకేసారి ఉంటాయి, చూసి మాట్లాడరా అని చెప్దామనుకుంది. ఇప్పుడు గొట్టం పట్టుకుని ఆ డబ్బాలోకే చూస్తుంటే ఇంకో సంగతి మనసులో పడింది. అవి ఒకేసారి ఉంటే ఉన్నాయి. కాని ఈ ఐసు ఆ నీళ్ళతో మాట్లాడదు. ఆ నీళ్ళు దీని మాట వినవు.

"మేస్త్రీగారూ, ఒకటి అడుగుతాను. సైనికులు వచ్చి పట్టుకునే ముందు తోటలో యేసు ప్రభువు సాగిలపడి ఏడ్చాడు కదా, ఈ కష్టం తప్పించు తండ్రీ అని. అంతా ఆయనే అయితే ఎవరికి చెప్పుకుని ఏడ్చాడు?"

అతను తడుముకోలేదు. ఈ ప్రశ్న వాళ్ళకి కొత్తది కాదు. "ఆయనలోని మనిషి ఆయనలోని దేవుడికి చెప్పుకున్నాడమ్మా."

"అంటే తనలో తనే మాట్లాడుకున్నాడా?"

"అలా కాదు..."

"అవతల వినేవాళ్ళు ఎవరూ లేకుండానే అంత ఏడుపూ ఏడ్చాడా?"

మేస్త్రీ ఏదో వివరించాడు. మంచివాడే, గట్టిగా నమ్మినవాడే. కాని ఆమె వినడం మానేసింది. గొట్టంలోంచి మడ్డినీళ్ళు కాలవలోకి పోతున్నాయి. తమ్ముడు చెప్పింది నిజం. పోలిక తప్పు. ఇరవై రెండేళ్ళు ఐసు పట్టుకున్న చేతులతోనే ఆమె తప్పు చెప్పింది.

తన తప్పు తెలిశాక కోపం తగ్గాలి. తగ్గలేదు, రెట్టింపయింది. ఇంత చిన్న సంగతి! తోటలో ఎవరితో మాట్లాడాడక్కా అని ఒక్క ప్రశ్న, అన్నం కలుపుకుంటూ అడిగి ఉంటే ఆ పూటే తెలిసిపోయేది. ఆ ఒక్క ప్రశ్న అడగకుండా, వేషాలనీ సిద్ధాంతాలనీ పెద్ద మాటలు చెప్పి, ముద్ర కొట్టి, సంతకం తీసుకున్నారు.

"నేను రానండి," అంది మేస్త్రీతో. "మీరు నన్ను పిలిచింది కూడా పిల్లలకోసం కాదు. మా వాళ్ళకి చూపించడానికి."

అతను చిన్నబుచ్చుకుని వెళ్ళాడు. రంపం మామ రంపం ఆపి అడిగాడు. "ఇద్దరిలో ఎవరిది రైటు టీచరమ్మా?"

"మా తమ్ముడిది."

"మరి అంత మండిపడుతున్నావేం?"

"అందుకే," అంది ఆమె.

*

ఆదివారం చర్చి నిండింది. వెళ్ళిపోయిన ఆరు కుటుంబాల్లో రెండు కూడా వినోదం చూడ్డానికి వచ్చి వెనక వరసలో కూర్చున్నాయి. పాటలయ్యాక సెక్రటరీ లేచి కమిటీ తీర్మానం చదివాడు. కోర్టులో పిలిచినట్టు ఆమెని పిలిచాడు.

ఆమె మైకు ముందుకి వెళ్ళింది. చేతిలో కాగితం లేదు.

"పిల్లలకి నేను చెప్పిన పోలిక తప్పు," అంది. "ఎవరో చెప్పమన్నారని అనడం లేదు. నేనే ఆలోచించుకున్నాను. ఐసూ నీళ్ళూ ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవు. తండ్రీ కొడుకూ మాట్లాడుకున్నారు. కాబట్టి నాది తప్పు. ఇరవై రెండేళ్ళలో నా దగ్గర చదివినవాళ్ళు ఇక్కడ సగంమంది ఉన్నారు. మీరూ దిద్దుకోండి."

సెక్రటరీ ముందుకి వంగి గుసగుసగా అన్నాడు. "రెండో వాక్యం, రెండో వాక్యం."

"రెండో వాక్యం అబద్ధం సెక్రటరీగారూ. నేను తెలిసి చెయ్యలేదు. అబద్ధం ఒప్పుకుంటే అదింకో తప్పు. అది నాచేత చేయించకండి."

దిగి వచ్చి తన చోట కూర్చుంది. చీర కొంగు ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. పక్కన మరదలు ఆమె మోచేతిమీద చెయ్యి వేసింది. వేదికమీద పాస్టరు గొంతు సవరించుకుని తర్వాతి పాట నంబరు చెప్పాడు.

ఆరాధనయ్యాక పిల్లల హాజరు పుస్తకం అప్పగించడానికి షెడ్డు దగ్గరికి వెళ్ళింది. అప్పగించమన్నారు, అప్పగిస్తుంది. లోపల సెక్రటరీ అప్పుడే పాఠం మొదలుపెట్టాడు. ఆయన గొంతు బయటికి వినిపిస్తోంది.

"ఐసూ లేదు, ఆవిరీ లేదు. సరైన ఉదాహరణ వినండి. నేనున్నాను. మా అబ్బాయికి తండ్రిని. మా అమ్మకి కొడుకుని. చర్చికి సెక్రటరీని. మనిషిని ఒక్కణ్ణే, హోదాలు మూడు. అలాగే దేవుడూను. రాసుకోండి, ఆరో ప్రశ్నకి జవాబు ఇదీ."

పెన్సిళ్ళు బరబరమన్నాయి.

ఆమె ఒక క్షణం తన చెవుల్ని తను నమ్మలేదు. తర్వాత గబగబా చర్చి మెట్ల దగ్గరికి నడిచింది. అక్కడ తమ్ముడు జనంతో చేతులు కలుపుతున్నాడు. మోచెయ్యి పట్టుకుని షెడ్డుదాకా లాక్కొచ్చింది. లోపల సెక్రటరీ వెనకబడ్డ పిల్లలకోసం అదే మళ్ళీ మొదట్నుంచి చెప్తున్నాడు.

"విను. చెప్పు, ఇది సరైనదేనా?"

అతను గుమ్మం పక్కనుంచి విన్నాడు. "కాదు."

"నాది ఏ తప్పో ఇదీ అదేనా?"

"అచ్చంగా అదే."

"అయితే లోపలికెళ్ళి ఆపు."

"పెద్దాయన అక్కా. పిల్లల ముందు ఏం బాగుంటుంది? తర్వాత విడిగా చెప్తాను."

"విడిగా!" అంది ఆమె. గొంతు లేచింది. "అయితే విడిగా చెప్పడం నీకు వచ్చన్నమాట. రాదేమో అనుకున్నాను. నాకు ముద్ర కొట్టిన ఉత్తరం, ఆయనకి విడిగా ఒక మాటా?"

"ఆయన్ని కదిలిస్తే ఆయన వెనక నాలుగు కుటుంబాలు పోతాయి. అర్థం చేసుకో."

"నన్ను కదిలిస్తే ఎవరూ పోరు. నేనూ ఎక్కడికీ పోను. అంతేగా నీ ధైర్యం?"

అంతే అతని ధైర్యమని ఇద్దరికీ తెలిసింది.

ఆమె షెడ్డులోకి నడిచింది. ఇరవై ముగ్గురూ లేచి నిలబడి నమస్కారం పెట్టారు. సెక్రటరీ కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"చాక్‌పీసు ఇలా ఇవ్వండి సెక్రటరీగారూ."

"తీర్మానం ప్రకారం ఈ తరగతి..."

"తీర్మానం ప్రకారం తప్పు బోధించినవాళ్ళు ఈ తరగతి చెప్పకూడదు. నేను నా తప్పు అందరి ముందూ ఒప్పుకున్నాను. మీరు ఇప్పుడు చెప్పింది కూడా అదే తప్పు. హోదాలు మార్చుకున్నంత మాత్రాన మీలో ఒకరు ఇంకొకరితో మాట్లాడరు కదండీ. నా మాట నమ్మకపోతే గుమ్మంలో పాస్టరుగారున్నారు, అడగండి."

సెక్రటరీ గుమ్మంవైపు తిరిగాడు. "ఏమండీ పాస్టరుగారూ, చెప్పండి. నేను చెప్పింది తప్పా?"

పాస్టరు తల దించుకున్నాడు. తప్పని అనలేదు. తప్పు కాదని కూడా అనలేకపోయాడు. సెక్రటరీ కోర్టులో అలాంటి మౌనాలు చాలా చూసినవాడు, చప్పున అర్థమైంది. చెవులదాకా ఎర్రబడ్డాడు. చాక్‌పీసు బల్లమీద విసిరాడు. అది రెండు ముక్కలైంది.

"దీని సంగతి కమిటీలో చూసుకుంటాను. పదండి పాస్టరుగారూ," అని పాస్టరుని రాసుకుంటూ బయటికి వెళ్ళి, నాలుగడుగులేసి ఆగి, వెనక వస్తున్నాడో లేదో చూశాడు.

ఐసు టీచరు పెద్ద ముక్క ఏరుకుంది. బోర్డుమీద ఉన్నదంతా తుడిచింది.

"పుస్తకాల్లో రాసుకున్నది కొట్టెయ్యండి. నేను ముందు చెప్పింది కూడా కొట్టెయ్యండి. రెండూ తప్పే."

"మరి దేవుడు దేనిలాగా ఉంటాడు టీచర్?" అంది ముందు బెంచీలో పిల్ల.

"దేనిలాగానూ ఉండడు. ముగ్గురున్నారు, ఒకరి మాట ఒకరు వింటారు, అయినా ఒక్కడే. అదెలాగో నాకు తెలీదు."

ఇరవై రెండేళ్ళలో ఆ బోర్డు ముందు ఆమె తెలీదని అనడం అదే మొదటిసారి. పిల్లలు నవ్వలేదు. కొందరు అది కూడా రాసుకున్నారు.

గుమ్మంలో తమ్ముడు ఇంకా అలాగే ఉన్నాడు. అటు సెక్రటరీ, ఇటు అక్క. ఆమె అతనివైపు చూడకుండానే బోర్డుమీద తారీఖు వేసింది.

"పాస్టరుగారూ, లోపలికైనా రండి, బయటికైనా వెళ్ళండి. గుమ్మంలో నిలబడితే పిల్లలకి వెలుతురు రావడం లేదు."

బయట సెక్రటరీ మళ్ళీ పిలిచాడు. పాస్టరు ఒకసారి అటు చూసి, చెప్పులు గుమ్మం దగ్గర వదిలి లోపలికి వచ్చాడు. గోడవార నిలబడ్డాడు. కూర్చోమని ఆమె అనలేదు.